ఐదో లైను గొడవ

అందరికీ నమస్కారం. పెద్దలందరికీ పేరుపేరునా దండాలు పెడితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది, మన్నించాలి. కంప్యూటర్‌లో సౌండ్ రాకపోతే ఏం చేయాలో వరుసగా చెబుదామని కాగితం రాసుకొచ్చాను. దానికంటే ముందు ఒక క్యాసెట్ సంగతి చెప్పాలి.

1999లో నాకు హనుమకొండ చౌరస్తా దగ్గర చిన్న రిపేరు షాపు ఉండేది. శుభలేఖలు కంపోజ్ చేసే ఒకతను తన కంప్యూటర్ మోసుకొచ్చాడు. చేతిలో ఒక క్యాసెట్. అందులో వాళ్ల బాపు చెప్పిన మల్లన్న కథ ఉంది. ఆయన ఒగ్గు కళాకారుడు, అప్పటికే కాలం చేశారు. "అన్నా, మా బాపు గొంతు సీడీలోకి ఎక్కియ్యాలె" అన్నాడు. అప్పటికే వేరే షాపువాళ్లు రెండు సౌండ్ కార్డులు మార్చి డబ్బు తీసుకున్నారట. అయినా ఏది పెట్టినా ఒకటే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతోంది.

ఆ తిరగడంలోనే జబ్బు పేరు ఉంది. సౌండ్ కార్డు, కంప్యూటర్ మెమరీలో ఉన్న చిన్న ముక్కను వాయించి, అది అయిపోగానే "తరువాతిది పెట్టు" అని ప్రాసెసర్‌కు కబురు పెడుతుంది. కబురు వెళ్లే దారినే ఐఆర్‌క్యూ అంటాం. ఆ రోజుల్లో 0 నుంచి 15 దాకా మొత్తం 16 లైన్లు. కీబోర్డుది 1, ప్రింటర్‌ది మామూలుగా 7, సౌండ్ బ్లాస్టర్ 16 రకం కార్డులకు 5. కార్డులు గుచ్చే అప్పటి ఐఎస్ఏ స్లాట్లలో ఒక లైను రెండు కార్డులు పంచుకోలేవు. కబురు అందకపోతే కొత్త ముక్క రాదు, పాతదే తిరుగుతుంది.

కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచాను. నెట్‌వర్క్ కార్డు పక్కన పసుపు గుర్తు, అంటే ఏదో తేడా ఉందని. అదీ ఐదో లైను మీదే ఉంది. కేబుల్ తగిలించకపోయినా, ఊరికే కూర్చున్నా, లైను మాత్రం పట్టుకునే ఉంది! ఆ నెట్‌వర్క్ కార్డు బయటికి తీసి, లైను ఎంచుకునే బియ్యపు గింజంత బిళ్ల, జంపర్‌ను పదో లైనుకు మార్చాను. పది నిమిషాల పని. డోలు దరువు గడగడా వచ్చింది.

కానీ ఆలస్యమైపోయింది. ఆ రెండు కార్డుల ప్రయత్నాల్లో క్యాసెట్‌ను ఎన్నిసార్లు తిప్పారో, ఒకచోట టేపు డెక్‌లో చుట్టుకుని నలిగిపోయింది. కథ మధ్యలో కొంచెంసేపు గొంతు లేదు. అతను అక్కడికి రాగానే తల దించుకున్నాడు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. కార్డు మార్చేముందు ఒక్కసారి ఆ పసుపు గుర్తు చూసి ఉంటే?

కాగితం పక్కన పెడుతున్నా. మీలో ఎంతమంది ఇళ్లలో పాత క్యాసెట్లు ఉన్నాయి? చేతులెత్తండి... చూశారా! వాటిని ఎక్కించేముందు సెల్‌ఫోన్‌లోని పాటతో కంప్యూటర్‌ను పరీక్షించండి. క్యాసెట్‌ను చివరికి ఉంచండి. నేటి మెషిన్లలో ఐఆర్‌క్యూ గొడవ దాదాపు లేదు. హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలించగానే సౌండ్ అటు పోతుంది, స్పీకర్లు పాడయ్యాయనుకుంటారు. ముందు సౌండ్ బయటికి పంపడానికి కంప్యూటర్ ఏ అవుట్‌పుట్ ఎంచుకుందో చూడండి. తరువాత కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగులు, అంటే బయోస్‌లో, మదర్‌బోర్డులోనే ఉండే సౌండ్ ఆపి ఉందేమో చూడండి. కొనడం ఆఖరున.

ఆ కాలపు కార్డులు రెండు ఈ బల్ల మీద పెట్టాను. జంపర్లు వేలితో తీసి పెట్టి చూడండి, రండి.