బ్రేకు వేస్తేనే లాగే చక్రం

రవి: నమస్కారం. వాసన్నా, శ్రోతల మెసేజీల్లో ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇది. ఫోర్ బై ఫోర్ బండి, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి కొన్నారు, దానికోసం ఉన్న లివర్ కూడా వేశారు. అయినా బురదలో రెండు చక్రాలు తిరుగుతున్నాయి, మిగతా రెండూ ఊరికే చూస్తున్నాయి. బండిలో లోపమా?

వాసు: లోపమేం లేదు. లివర్‌ని ఫోర్ హైలో, అంటే మామూలు వేగంలో నాలుగు చక్రాలూ నడిచే చోట పెడితే ముందు ఇరుసు, అదే యాక్సిల్, వెనక యాక్సిల్‌తో కలుస్తుంది, అంతవరకే. ఒక్కో యాక్సిల్ మధ్యలో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు, అదే డిఫరెన్షియల్ ఉంటుంది కదా, అది కుడికీ ఎడమకీ ఎప్పుడూ సమానమైన టార్కే, అంటే తిప్పే బలమే ఇస్తుంది. గాల్లో లేచిన చక్రాన్ని తిప్పడానికి ఎంత కావాలి? దాదాపు ఏమీ అక్కర్లేదు. రెండోదానికీ అంతే అందుతుంది. కుడి ముందుదీ ఎడమ వెనకదీ ఒకేసారి పట్టు తప్పాయనుకో, ఫోర్ బై ఫోర్ అయినా కదలదు.

రవి: మరి చక్రం జారకుండా కంప్యూటర్ చూసుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఉందిగా?

వాసు: మన ఊళ్లలో ట్రాక్టర్ తోలేవాళ్లకి దాని సంగతి ఎప్పట్నుంచో తెలుసు. ట్రాక్టర్‌కి కుడి చక్రానికొక బ్రేకు పెడలు, ఎడమదానికొకటి ఉంటాయి. రోడ్డు మీద రెండూ కలిపి కొక్కెం పెడతారు. దమ్ము చేసిన మడిలో ఒక చక్రం జారి తిరుగుతుంటే, డ్రైవర్ ఆ చక్రం బ్రేకు మాత్రం మెల్లగా తొక్కుతాడు. రెండోది పట్టుకుని లాగేస్తుంది.

రవి: తిరిగేదాన్ని ఆపితే ఆగినది లాగుతుందా? తిరకాసుగా ఉందే.

వాసు: లెక్క చెప్తా విను. జారే చక్రం యాభై న్యూటన్ మీటర్ల టార్కే తీసుకుంటోంది అనుకుందాం. బ్రేకు ఇంకో మూడొందలు అడ్డం పెట్టింది. ఇప్పుడు ఆ వైపుకి మూడొందల యాభై కావాలి. డిఫరెన్షియల్‌ది సమానపు పంపకం కాబట్టి నేల మీదున్న చక్రానికీ మూడొందల యాభై వస్తుంది. మారుతి జిమ్నీలో బ్రేక్ ఎల్ఎస్‌డి అని పిలిచే ఏర్పాటు ఇదే. తొక్కేది కాలు కాదు, చక్రాల వేగం కొలిచే ఏబీఎస్ సెన్సర్లు చూసి కంప్యూటర్ తొక్కుతుంది.

రవి: అయితే చాలామంది ఎక్కడ దెబ్బతింటున్నారు?

వాసు: యాక్సిలరేటర్ దగ్గర. చక్రం తిరగడం, బ్రేకు టకటకమని కొట్టడం వినగానే భయపడి కాలు తీసేస్తారు. కంప్యూటర్‌కి తిరుగుడు కనపడాలి, అప్పుడే బ్రేకు వేస్తుంది. ఫోర్ లోలో, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే చోట పెట్టి, కాలు కదపకుండా ఒకటి రెండు సెకన్లు అలాగే పట్టుకోవాలి. ఆ టెన్షన్‌లో పట్టుకోవడమే కష్టం! గట్టిగా తొక్కినా లాభం లేదు, గుంట తవ్వుకోవడమే.

రవి: మహీంద్రా థార్‌లో రెండు చక్రాల్నీ కలిపి బిగించే లాకర్ ఉంటుందిగా, దానికీ ఇంతేనా?

వాసు: అది వేరు. 2020లో వచ్చిన థార్‌లో కొన్ని వేరియంట్లకి వెనక యాక్సిల్‌లో మెకానికల్ లాకర్ ఇచ్చారు. రెండు వెనక చక్రాల వేగంలో తేడా పెరగ్గానే అదే పట్టేసుకుంటుంది, బటన్ లేదు. ఫోర్స్ గూర్ఖాలో అయితే ముందూ వెనకా రెండూ లాక్ చేసుకోవచ్చు. లాకర్ పడితే చక్రాలు కలిసే తిరుగుతాయి, బ్రేకులు వేడెక్కే గొడవ లేదు. ఇసుకలో చాలాసేపు పోరాడాల్సి వస్తే బ్రేకుల మీద నడిచే పద్ధతి అలసిపోతుంది, వేడి ఎక్కువైతే కాసేపు మానేస్తుంది కూడా. నన్నడిగితే రాళ్ల గుట్టలకి లాకరే కావాలి. వారాంతంలో మట్టిరోడ్డు, వాగు దాటడం వరకే అయితే జిమ్నీ పద్ధతి చాలు, లాకర్ కోసం డబ్బు పోయనక్కర్లేదు.

రవి: బండి జారి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ ఉంది కదా, దాని ఆఫ్ బటన్ ఎప్పుడు నొక్కాలి?

వాసు: ఇసుకలో దిగేముందు. ట్రాక్షన్ కంట్రోల్‌కి ఇంకో అలవాటు ఉంది, చక్రం జారితే ఇంజన్ బలం కోసేస్తుంది, ఆ బటన్‌తో ఆపేది దాన్నే. తడి హైవే మీద అది ప్రాణం కాపాడుతుంది. ఇసుకలో మాత్రం ఊపు పోయిందంటే బండి కూర్చుండిపోతుంది. తారు ఎక్కాక మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోవద్దు.

రవి: తారంటే గుర్తొచ్చింది. ఎండిన రోడ్డు మీద ఫోర్ హైలో...

వాసు: వద్దు! థార్, జిమ్నీ, ఫార్చ్యూనర్ లాంటి పార్ట్ టైమ్ బండ్లలో, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలూ కలిపేవాటిలో, ముందుకీ వెనక్కీ మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, ముందూ వెనకా కలిసిపోయి ఉండటం తిరగనివ్వదు. ఆ బిగువంతా గేర్లలో పేరుకుంటుంది, లివర్ కూడా రాదు. అలా ఇరుక్కుంటే స్టీరింగ్ తిన్నగా పెట్టి కాస్త రివర్స్ పోనివ్వాలి, వదిలేస్తుంది.

రవి: చివరిగా నల్లరేగడి. కర్నూలు వైపు శ్రోతలు ప్రత్యేకంగా అడిగారు.

వాసు: వాన పడ్డ నల్లరేగడిలో ఏ కంప్యూటరూ పనికిరాదు. టైరు గాడులు మట్టితో నిండిపోయి నున్నగా అయిపోతాయి. అక్కడ వెడల్పు గాడుల మడ్ టైర్లు ఉండాలి, మట్టిని విసిరేసే వేగం ఉండాలి. ఇసుకకి మాత్రం టైర్లలో గాలి పదిహేను, పద్దెనిమిది పీఎస్‌ఐకి దించితే సగం పని అయిపోతుంది. గాలి నింపే చిన్న కంప్రెసర్ డిక్కీలో లేకపోతే దించొద్దు, ఆ గాలితో హైవే ఎక్కితే టైరు పేలిపోతుంది.