ఏడాదికే నడిచాడుగా అంటే కుదరదు!

"ఏడాదికే నడిచాడు, వీడి తెలివికేం లోటండీ?" ఈ మాట వినీ వినీ విసుగొచ్చి చేస్తున్న వీడియో ఇది. మేధో వైకల్యం అంటే ఆలోచించడం, నేర్చుకోవడం, రోజువారీ పనులు వయసుకి తగ్గట్టు రాకపోవడం. అది ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది తేలికపాటిదే. వాళ్ళలో చాలామంది టైముకే కూర్చుంటారు, నడుస్తారు. బడిలో చేరాకే తేడా బయటపడుతుంది. అలాగని మార్కులు తగ్గగానే ముద్ర వేసేయడం ఇంకా ఘోరం.

మరి దేన్ని చూడాలి? చొక్కాని చూడండి.

[తెర మీద: గుండీల చొక్కా]

ఐదేళ్ళకి చాలామంది పిల్లలు కొన్ని గుండీలైనా పెట్టుకుంటారు. రాకపోతే, ఎక్కడ ఆగుతున్నారో గమనించండి. ఏ గుండీ ఏ కాజాలోకి వెళ్ళాలో తెలుసు గానీ వేళ్ళు సహకరించట్లేదా? అది చేతి పనితనం సమస్య కావచ్చు. నోటితో చెప్తే కదలడు, చేసి చూపిస్తే ఠక్కున చేస్తాడా? ముందు వినికిడి పరీక్ష. ఎన్నిసార్లు చూపించినా మర్నాటికి మళ్ళీ మొదటికొస్తోంది, ఒక చొక్కాకి నేర్చుకున్నది ఇంకో చొక్కాకి అక్కరకు రావట్లేదు, తిరగేసి వేసుకున్నా తెలియట్లేదు, మిగతా పనుల్లోనూ ఇదే వరస... అప్పుడు అనుమానించాలి.

ఈ చొక్కాని ఇంకాస్త సాగదీస్తాను. గుండీలు లెక్కపెట్టడం ఆలోచనకి సంబంధించింది. మాసిందని మార్చుకోవడం రోజువారీ పని. పక్కవాడి చొక్కా లాగితే వాడికి కోపమొస్తుందని గ్రహించడం నలుగురితో మెలగడం. నిపుణులు ఈ మూడింట్లోనూ పిల్లవాణ్ణి అదే వయసువాళ్ళతో పోల్చి చూస్తారు. ఐక్యూ, అంటే తెలివితేటల పరీక్షలో వచ్చే స్కోరు, సుమారు 70 లేదా అంతకన్నా తక్కువ అన్న అంకె ఒక్కటే పట్టుకుని తేల్చరు, తేల్చకూడదు కూడా. చొక్కా తనే వేసుకుని, ఆటలో రూల్స్ తనే పెట్టి, తమ్ముడితో వాదించి గెలిచే పిల్లకి చదవడం ఒక్కటే రావట్లేదంటే అది డిస్లెక్సియా కావచ్చు. దారి వేరు, సాయం వేరు.

టైమైపోతోంది, మిగతావి గబగబా. తొమ్మిది నెలలకి ఆసరా లేకుండా కూర్చోకపోయినా, 18 నెలలకి నడవకపోయినా, ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకైతే రెండేళ్ళ దాకా వయసుని డాక్టర్ చెప్పిన డెలివరీ తేదీ నుంచి లెక్కేయాలి. వచ్చిన మాటలు, పనులు పోతుంటే మాత్రం ఆగొద్దు, వెంటనే వెళ్ళండి.

పుట్టిన మొదటి రోజుల్లోనే థైరాయిడ్ పరీక్ష తప్పకుండా చేయించండి. లోపం ఉంటే మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే మెదడుకి జరగబోయే నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. ఐదేళ్ళలోపు సాధారణంగా మేధో వైకల్యం అని తేల్చరు, ఎదుగుదలలో ఆలస్యం అంటారు. థెరపీకి ఆ పేరు ఖరారయ్యేదాకా ఆగక్కర్లేదు.

ఐక్యూ పరీక్ష రోజున కళ్ళజోడు, వినికిడి యంత్రం మర్చిపోకండి. జ్వరంగా ఉంటే వాయిదా వేయించండి. ప్రశ్నలు ఇంట్లో మాట్లాడే భాషలోనే అడుగుతారా అని ముందే కనుక్కోండి.