ఒకే రంగు విమానం, రెండు రకాల పైలట్ ఉద్యోగాలు

[తెర మీద: డల్లాస్ విమానాశ్రయంలో అమెరికన్ ఈగిల్ విమానం, తలుపు పక్కన చిన్న అక్షరాల్లో దాన్ని నడిపే సంస్థ పేరు.]

నమస్కారం. అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు డల్లాస్‌లోనో షికాగోలోనో దిగి, తమ యూనివర్సిటీ ఉన్న చిన్న ఊరికి వెళ్లడానికి ఎక్కేది చాలాసార్లు ఇలాంటి చిన్న జెట్ విమానమే. తోక మీద గుర్తు పెద్ద సంస్థది, టికెట్ అమ్మేదీ ఆ సంస్థే. అయితే కాక్‌పిట్‌లో ఉన్న పైలట్లు మాత్రం ఎన్వాయ్, రిపబ్లిక్, స్కైవెస్ట్ వంటి ప్రాంతీయ సంస్థల ఉద్యోగులు. పెద్ద సంస్థ వేళలు నిర్ణయించి, సీట్లు అమ్ముకొని, విమానం నడిపినందుకు ప్రాంతీయ సంస్థకు ఒప్పందం ప్రకారం సొమ్ము చెల్లిస్తుంది. ఆ ఒప్పందం దక్కాలంటే తక్కువ ఖర్చుతో నడిపి చూపించాలి కనుక, ఆ భారం చాలాకాలం పైలట్ల జీతాల మీదే పడింది.

2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర, కాంటినెంటల్ అనే పెద్ద సంస్థ పేరుతో కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ నడుపుతున్న విమానం కూలి 50 మంది మరణించారు. కో-పైలట్ జీతం ఏడాదికి దాదాపు 16,000 డాలర్లేనని, ఆమె సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి న్యూవార్క్‌లో డ్యూటీకి వచ్చిందని విచారణలో బయటపడింది. స్టాల్ హెచ్చరికకు, అంటే రెక్కలు విమానాన్ని గాలిలో నిలపలేని స్థితి వస్తోందన్న హెచ్చరికకు, కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రమాద కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది కనుక, నెపమంతా జీతం మీద మోపడం న్యాయం కాదు. కానీ ప్రయాణికుల ప్రాణాలు చేతిలో ఉన్న మనిషికి ఇచ్చేది ఇంతేనా అన్న ప్రశ్న ఆ రోజుల్లో దేశాన్ని కలవరపెట్టింది.

[తెర మీద: గంట వేతనాల పట్టిక.]

కోవిడ్ తర్వాత పెద్ద సంస్థలు ప్రాంతీయ సంస్థల నుంచి పైలట్లను పెద్ద ఎత్తున చేర్చుకోవడంతో పరిస్థితి మారింది. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ఎన్వాయ్, పీఎస్ఏ, పీడ్‌మాంట్ సంస్థలు కొత్త కో-పైలట్‌కు గంటకు 90 డాలర్లు ఇస్తామన్నాయి. అందులో కొంత తాత్కాలిక పెంపే. ఇక్కడ లెక్కించేది డ్యూటీలో ఉన్న ప్రతి గంటనూ కాదు, ప్రధానంగా విమానం గేటు వదిలిన క్షణం నుంచి మళ్లీ గేటు చేరేవరకు పట్టిన సమయాన్ని. నెలకు 75 గంటల చొప్పున చూస్తే ఏడాదికి 81,000 డాలర్లు. మరుసటి ఏడాది పెద్ద సంస్థల్లో ఒకటైన డెల్టా పైలట్లు నాలుగేళ్లలో 34 శాతం పెంపు సాధించారు. పెద్ద సంస్థల్లో భారీ విమానాలు నడిపే సీనియర్ కెప్టెన్లకు గంటకు 400 డాలర్లు దాటింది.

జీతాల తేడా ఎంతో కొంత తగ్గినా, ఉద్యోగ భద్రతలో తేడా తగ్గలేదు. నా దృష్టిలో అసలు సమస్య ఇదే. కాగితం మీద చూస్తే యూనియన్ ఒప్పందాలు రెండు చోట్లా ఉంటాయి. పని తగ్గినప్పుడు చివర చేరినవారిని ముందు ఇంటికి పంపుతారు, తిరిగి పిలిచేటప్పుడు సీనియారిటీని పాటిస్తారు. అయితే పెద్ద సంస్థల పైలట్లకు దీనికి తోడు స్కోప్ క్లాజు అనే కవచం ఉంది. బయటి సంస్థలు నడిపే జెట్లు సాధారణంగా 76 సీట్లకు, 86,000 పౌండ్ల బరువుకు మించరాదని అది కట్టడి చేస్తుంది కనుక, అంతకంటే పెద్ద జెట్ల పని సొంత పైలట్లకే దక్కుతుంది. ప్రాంతీయ పైలట్‌కు అటువంటి హామీ లేదు, ఎందుకంటే ఆయన నడిపే మార్గం ఆయన సంస్థ సొత్తు కాదు.

[తెర మీద: కామ్‌ఎయిర్, ఎక్స్‌ప్రెస్‌జెట్ విమానాలు.]

2001లో కామ్‌ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ పైలట్లు 89 రోజులు సమ్మె చేసి మెరుగైన ఒప్పందం సాధించుకున్నారు. సంస్థ యజమాని అయిన డెల్టా 2012లో ఆ సంస్థనే మూసివేసింది. 2020లో మరో పెద్ద సంస్థ యునైటెడ్ తన పనిని ఎక్స్‌ప్రెస్‌జెట్ అనే ప్రాంతీయ సంస్థ నుంచి తప్పించి, కమ్యూట్‌ఎయిర్ అనే మరో ప్రాంతీయ సంస్థకు అప్పగించింది. పిలిచే సంస్థే లేనప్పుడు తిరిగి ఉద్యోగంలోకి పిలిపించుకునే హక్కు ఎందుకూ కొరగాదు. సీనియారిటీ వెంట రాదు కనుక ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ కూడా వేరే సంస్థలో జాబితా అడుగున పేరు రాయించుకోవాలి. రెండు సంస్థలు విలీనమైతే జాబితాలను న్యాయంగా కలపాలని 2007 నాటి చట్టం చెబుతుంది. కానీ విలీనం లేకుండా పని మాత్రమే చేతులు మారినప్పుడు ఆ రక్షణ అందదు.

ఎన్వాయ్, పీఎస్ఏ, పీడ్‌మాంట్ పైలట్లు సీనియారిటీ ప్రకారం అమెరికన్‌లోకి మారే ఏర్పాటు ఈ లోటును కొంత పూడుస్తుంది, కానీ ఆ వరుస ఎంత వేగంగా కదులుతుందన్నది పెద్ద సంస్థ నియామకాలను బట్టే ఉంటుంది. అమెరికాలో ఈ వృత్తిలోకి వెళ్లాలనుకునేవారు గంట వేతనంతో పాటు, ఆ ప్రాంతీయ సంస్థ ఎవరి కోసం విమానాలు నడుపుతోందో, ఆ ఒప్పందం ఏ ఏడాదితో ముగుస్తుందో కూడా చేరకముందే అడిగి తెలుసుకోవాలి.