హీటింగ్ ఆగిపోయిన రాత్రి

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఇళ్లు అద్దెకిచ్చినవాళ్లే. నేనూ ఇచ్చాను. అంతకుముందు చాలా ఏళ్లు అద్దెకున్నాను కూడా.

అప్పుడే ఒక చలికాలం మేమున్న ఇంట్లో, నీళ్లు కాచి గదులన్నీ వెచ్చగా ఉంచే బాయిలర్ ఆగిపోయింది. రాత్రి తొమ్మిదింటికి ఓనర్‌గారికి ఫోన్ చేస్తే "రేపు చూద్దాంలెండి" అన్నారు. ఆ రేపు రావడానికి నాలుగు రోజులు పట్టింది. గోడమీద గది వేడిని చూపించే థర్మోస్టాట్ 16, 14, 12 డిగ్రీలని దిగిపోతూ ఉంది. పాపకి రెండు స్వెటర్లు, టోపీ వేసి మా ఇద్దరి మధ్య పడుకోబెట్టుకున్నాం. పడగ్గదిలో మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేది. చలిని ఎలాగో ఓర్చుకున్నాం. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో తెలియని ఆ టెన్షన్ మాత్రం భరించలేకపోయాం.

అందుకే మిమ్మల్ని మొట్టమొదట అడిగేది ఇదే. హీటింగ్ పోయిందని అద్దెకున్నవాళ్ల ఫోన్ రాగానే జవాబివ్వండి, ఆ జవాబులో ఒక టైమ్ చెప్పండి. "టెక్నీషియన్ రేపు పదింటికి వస్తాడు, రాకపోతే పదింపావుకి నేనే మీకు ఫోన్ చేస్తాను" అంటే చాలు. ఆ రాత్రి ఇంట్లోనే ఉండాలో, పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి వెళ్లాలో వాళ్లు తేల్చుకోగలుగుతారు.

కొన్ని సంగతులు ఫోన్‌లోనే కనుక్కోవచ్చు. థర్మోస్టాట్‌లో బ్యాటరీ అయిపోయిందేమో, బాయిలర్‌లో నీళ్ల ప్రెషర్ చూపించే ముల్లు 1 బార్ కంటే కిందికి పడిపోయిందేమో చూడమనండి. కానీ "మీరేం నొక్కారు?" అని మాత్రం మొదలుపెట్టకండి. చలికి వణుకుతున్న మనిషి చేత సంజాయిషీ చెప్పించుకోవడం అన్యాయం. గ్యాస్ వాసన వస్తోందంటే ఇక ప్రశ్నలు వద్దు. వెంటనే అందరినీ బయటికి రమ్మనండి, బయటికొచ్చాకే ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయమనండి.

దుప్పట్లు కప్పుకుంటే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. సరిపోదు. చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో సూచించింది. పసిపిల్లలకీ, పెద్దవాళ్లకీ, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకీ అంతకంటే ఎక్కువే కావాల్సి రావచ్చు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్న మనిషికి ఒక్క రాత్రి చలి కూడా ప్రమాదమే.

స్పేర్ పార్ట్ రావడానికి వారం పడుతుందంటే అది మీ తప్పు కాదు. ఆ వారమంతా వాళ్లని చలిలో వదిలేస్తే మాత్రం మీ తప్పే. ఆ రోజే రూమ్ హీటర్లు తీసుకెళ్లి ఇవ్వండి. వాటిని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాకుండా నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టమనండి, కర్టెన్లకూ పరుపులకూ దూరంగా ఉంచమనండి. 2,000 వాట్ల హీటర్ ఆగకుండా పది గంటలు నడిస్తే 20 యూనిట్లు కాలుతుంది. ఆ కరెంటు డబ్బులు మీరే వాళ్ల అద్దెలో తగ్గించండి, వాళ్లు అడిగేదాకా చూడొద్దు.

హీటర్ ఇవ్వకపోతే ఏమవుతుందో ఆలోచించండి. చలికి తాళలేక బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకుంటారు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. కాస్త తలనొప్పి, మత్తు, ఆ మత్తులోనే ప్రాణం పోతుంది.

చలికాలానికి ముందే సర్వీసింగ్ చేయించాలన్నది మీ అందరికీ తెలుసు. చేయించండి.

ఇంకొక్క సంగతి. మా ఇంట్లో అద్దెకుంటున్న ఒక పెద్దావిడ, హీటింగ్ పనిచేయడం లేదని నాకు నాలుగో రోజున చెప్పారు. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకులే బాబూ అనుకున్నాను. ఖాళీ చేయమంటారేమోనని కూడా భయమేసింది" అన్నారు. నేను ఆవిడని ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ధైర్యంగా ఫోన్ చేయొచ్చని కూడా ఏనాడూ చెప్పలేదు. అప్పటినుంచి చలి మొదలవకముందే నేనే ఆవిడకి ఫోన్ చేసి హీటింగ్ ఆన్ చేయమంటాను. ఆవిడ గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, "ఆ, వేడెక్కింది బాబూ" అనేదాకా లైన్‌లోనే ఉంటాను.