బెల్లు తీగ పీకేసిన రోజు

వేదిక మీది పెద్దలకు, మా డిపార్ట్‌మెంట్ పిల్లలకు నమస్కారం. నాకిచ్చింది పావుగంట. సన్మానానికే ఏడు నిమిషాలు పోయాయి. శాలువా బాగుంది, ఎండాకాలం కాకపోతే ఇంకా బాగుండేది. ఆహ్వానంలో ‘పవర్ మేనేజ్‌మెంట్ డ్రైవర్లలో ఇంటరప్ట్ తుపాన్లు’ అని వేశారు. నిజానికి నేను చెప్పాలని వచ్చింది ఒక బ్యాగు సంగతి.

ముందు కాస్త పాఠం. ఇంటరప్ట్ అంటే, చేస్తున్న పని ఆపి తన సంగతి చూడమని ఏదో ఒక భాగం ప్రాసెసర్‌కు కొట్టే బెల్లు. మూత మూసినా, ఛార్జర్ పీకినా ల్యాప్‌టాప్‌లో ఆ కబురు మోసేది ఏసీపీఐ అనే ప్రమాణం. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చాయి. పీసీల్లో ఈ కబుర్లు మామూలుగా 9వ ఐఆర్‌క్యూ, అంటే 9వ ఇంటరప్ట్ లైను మీద వస్తాయి. అది లెవెల్ ట్రిగర్డ్ లైను. గుమ్మంలో పిల్లాడు బెల్లు మీద వేలు అదిమి పట్టుకున్నాడనుకోండి. వాడి సంగతి తేల్చేదాకా వేలు తీయడు. ‘సరే సరే’ అని తలుపేసి వచ్చేస్తే మోత ఆగదు. తుపానంటే అదే. లినక్స్ లోపలి పనులు చేసే కేవర్కర్ ప్రాసెసర్‌లో ఒక కోరంతా తినేస్తుంది, బ్యాటరీ కళ్ళముందే కరిగిపోతుంది.

లినక్స్‌లో ఒక కాపలా ఉంది. లక్ష ఇంటరప్టుల్లో 99,900కు మించి ఎవరూ మాది అనకపోతే, ‘నోబడీ కేర్డ్’ అని లాగ్‌లో రాసి ఆ లైను కట్టేస్తుంది. ఆ మాట చూసినప్పుడల్లా నాకు మా పాత ఆఫీసు గుర్తొస్తుంది, పోనివ్వండి. మన తుపానుకు ఆ కాపలా పనికిరాదు. ఏసీపీఐ ప్రతిసారీ నిజాయితీగా ‘నాదే’ అని ఒప్పేసుకుంటుంది!

ఇక బ్యాగు. నేను ఉద్యోగంలో కొత్త. ఒక మోడల్‌లో తుపాను. ‘సిస్’ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఏసీపీఐ ఇంటరప్టుల లెక్కల ఫైళ్ళు చూస్తే జీపీఈ 17 పరుగెడుతోంది. జీపీఈ అంటే ఏసీపీఐలో నంబరు వేసిన ఒక్కో బెల్లు. ఆ బెల్లు నోరు మూయించాలని బూట్ లైనులో, అంటే మిషను మొదలయ్యేటప్పుడు లినక్స్‌కిచ్చే ఆదేశాల్లో, మాస్క్ 17 అని పెట్టాను. ఏమీ మారలేదు. ఒక పూటంతా జుట్టు పీక్కున్నాక వెలిగింది: ఫైలు పేరులో 17 హెక్సా, పదహార్ల లెక్క, అంటే మన మామూలు 23. నేనిచ్చింది దశాంశం. అంటే పక్కింటి బెల్లు పీకేశాను. 23 పెట్టగానే నిశ్శబ్దం. అందరూ చప్పట్లు. సాయంత్రానికి ఆ మార్పు పంపేశాం.

వెనక వరసలో వాళ్ళూ, మూత మూసి ల్యాప్‌టాప్ బ్యాగులో పడేసేవాళ్ళు చేతులెత్తండి. చూశారా, అందరూ! టెస్టింగ్‌లో ఒకాయన కూడా అదే చేశాడు. ఆ జీపీఈ ఎంబెడెడ్ కంట్రోలర్‌ది, అంటే మూత, బ్యాటరీ లాంటివి చూసుకునే చిన్న చిప్‌ది. మూత కబురు వచ్చేదీ దానిమీదే. మిషను నిద్రపోలేదు. ఇంటికెళ్ళి బ్యాగు తెరిస్తే చెయ్యి కాలింది. మర్నాడు ఆయన నన్నేమీ అనలేదు, ఆ బ్యాగు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. లోపలి గుడ్డ ముడుచుకుపోయి ఉంది.

అసలు జబ్బు తర్వాత దొరికింది. కంట్రోలర్ ‘చెప్పాల్సింది ఉంది’ అనే బిట్ ఎత్తే ఉంచేది. డ్రైవర్ ‘ఏమిటి?’ అని అడిగితే జవాబు సున్నా, అంటే ఏమీ లేదు. బిట్ మాత్రం దిగదు. మళ్ళీ బెల్లు. తప్పు కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌లో, అంటే ఆ చిప్ లోపలి ప్రోగ్రాంలో ఉంది, అక్కడే సరిచేశారు. నా మాస్క్ తీసేయడానికి మాత్రం రెండు రిలీజులు పట్టింది. ‘పనిచేస్తున్నదాన్ని ఎందుకు కదపడం’ అన్నారు. నా కోపం ఇప్పటికీ ఆ మాట మీదే.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. లినక్స్ ఉన్నవాళ్ళు ఆ లెక్కల ఫైళ్ళు ఇప్పుడే తెరవండి. ఏదైనా అంకె పరుగెడుతుంటే భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, మాస్క్ మాత్రం పెట్టకండి.