పగలు మూసి, రాత్రి తెరిచి: పాత ఇళ్ల చల్లదనం మీద చర్చ

యాంకర్: మే నెలలో మన చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటడం మామూలే. మేస్త్రీ గారూ, మట్టిల్లు కూల్చి స్లాబ్ వేసుకున్నవాళ్లే ఇప్పుడు రాత్రి నిద్ర పట్టట్లేదంటున్నారు, ఎందుకని?

మేస్త్రి: స్లాబ్ పగలంతా ఎండ తాగి, రాత్రి ఆ సెగంతా మంచం మీదికి దింపుతుంది. సిరొంచలో మా నాయన కట్టిన గోడ మూరెడు మందం, మట్టిలో గడ్డి కలిపి తొక్కి పెట్టిన గోడ. పొద్దున తగిలిన ఎండ లోపలికి దిగేసరికి చీకటి పడేది, అప్పటికి తలుపులన్నీ బార్లా తెరిచి మేం వాకిట్లో పడుకునేవాళ్లం.

ఆర్కిటెక్ట్: ఆ తెరవడమే ముఖ్యమండి! పగలు పీల్చిన వేడిని గోడ రాత్రి గాలికి వదిలెయ్యాలి, లేకపోతే ఎంత మందమున్నా రెండో రోజుకే ఉడికిపోతుంది. ఇరాన్‌లో యజ్ద్ అనే ఎడారి ఊళ్లో ఇంటి మీద బాద్‌గీర్‌లని గాలి గోపురాలుంటాయి, అక్కడి దౌలతాబాద్ తోటలోది సుమారు 33 మీటర్ల ఎత్తు. పైన వీచే గాలిని పట్టి గదిలోకి దింపుతాయి, గాలి ఆడనప్పుడు లోపలి వేడి వాటిగుండానే పైకి పోతుంది.

గృహిణి: మా అత్తమ్మ తొమ్మిదింటికల్లా కిటికీలు మూసి, వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చల్లేది. మరి బరంపురంలో మా చెల్లెలు కూలర్ వేస్తే ఒళ్లంతా జిడ్డంటుందే?

ఆర్కిటెక్ట్: బరంపురానికి సముద్రం దగ్గరమ్మా. నీళ్లు ఆవిరైతేనే గాలి చల్లబడేది, అక్కడి గాలిలో ముందే తేమ ఉంటే ఇంకేం ఆవిరవుతాయి? అక్కడ ఎదురెదురు కిటికీలు పెట్టి గాలి ఆడనివ్వాలి. వానలు మొదలయ్యాక మనకూ అంతే.

గృహిణి: ఒక్క మాట చెప్పాలి. మట్టిల్లు బాగుంటుంది సరే, పేడతో అలికి, ఏటా గోడలకు పూత పెట్టి, చెదలు దులిపిందంతా ఆడవాళ్లమే. ఆ చాకిరీ మళ్లీ మా నెత్తిన పెట్టకండి.

ఆర్కిటెక్ట్: నిజమే, ఆ మాట మేం ముందే అనాల్సింది. మట్టిలో కొంచెం సిమెంటు కలిపి యంత్రంతో ఒత్తిన ఇటుకలున్నాయి, వాటికి ఏటా పూత అక్కర్లేదు.

యాంకర్: స్లాబ్ ఇల్లు ఉన్నవాళ్ల సంగతి?

మేస్త్రి: పైన తెల్ల సున్నం రెండు పూతలు వెయ్యండి, పడమటి గోడకి తీగ పాకించండి. అక్కా, మీది పాత పెంకుటిల్లా?

గృహిణి: వెనక గది ఒక్కటే మిగిలింది. అటక పీకేసి ఫ్యాన్ పెడదామంటున్నారు మావాళ్లు.

మేస్త్రి: అటక మాత్రం తియ్యనివ్వకండి. పెంకు వేడి సూటిగా మీ మీదికి దిగకుండా ఆపుతున్నది అదే. ఫ్యాన్ దాని దూలానికే బిగించొచ్చు, నేనొచ్చి చూస్తాను.