పిల్లల జట్లు వచ్చాక ఖాళీ అయిన కప్పు: ఈఎఫ్ఎల్ ట్రోఫీ రివ్యూ

నమస్తే అండి. ఈసారి రివ్యూకి సినిమా కాదు, ఫోన్ కాదు, ఒక ఫుట్‌బాల్ కప్పు తీసుకున్నాను. ఇంగ్లండ్‌లో ఆడే ఈఎఫ్ఎల్ ట్రోఫీ. మనవాళ్లలో ప్రీమియర్ లీగ్ చూసేవాళ్లు బోలెడంతమంది, కానీ ఈ కప్పు పేరు విన్నవాళ్లు తక్కువ. అది మీ తప్పేం కాదు. స్పాన్సర్ మారినప్పుడల్లా దీని పేరూ మారిపోతుంది. ఒకప్పుడు వ్యాన్ల కంపెనీ, తర్వాత పెయింట్ల కంపెనీ, ఆ తర్వాత పిజ్జా కంపెనీ. పెయింట్ల కాలంలో అయితే అభిమానులు దీన్ని ‘పెయింట్ డబ్బా’ అని పిలిచేవారు. అందులో వెటకారం ఉంది, ప్రేమా ఉంది.

ఆ ప్రేమ ఎందుకో ముందు చెప్తాను, లేకపోతే పెద్ద క్లబ్బుల పిల్లల జట్లను ఇందులోకి తెచ్చిన గొడవ అర్థం కాదు. ఈ కప్పు 1983-84లో మొదలైంది, మూడో అంచె, నాలుగో అంచె క్లబ్బుల కోసం మాత్రమే (ఇప్పటి లెక్కలో ప్రీమియర్ లీగ్ మొదటి అంచె). చిన్నా పెద్దా కలిసి ఆడే ఎఫ్ఏ కప్పులో చిన్న క్లబ్బు ఎప్పుడైనా ఒక పెద్ద జట్టుని ఓడిస్తే అదే పండగ, ఫైనల్ మాట ఎత్తరు. ఇక్కడ అలా కాదు. నాలుగైదు మ్యాచ్‌లు గట్టిగా ఆడితే ఫైనల్ జరిగే లండన్ స్టేడియం, వెంబ్లీ కనిపిస్తుంది. 1988 ఫైనల్‌లో వుల్వ్స్, బర్న్లీ ఆడాయి. రెండూ అప్పుడు నాలుగో అంచెలో ఉన్నాయి. ఆ మ్యాచ్‌కి వచ్చినవాళ్లు 80,841 మంది!

ఇప్పుడు 2016కి వద్దాం. ఆ సీజన్ నుంచి 48 చిన్న క్లబ్బులతో పాటు పెద్ద క్లబ్బుల కుర్రాళ్ల శిక్షణ కేంద్రాలైన 16 అకాడమీల అండర్-21 జట్లను కూడా దింపారు. కుర్రాళ్లకి మొరటు ఫుట్‌బాల్ అలవాటవుతుంది, ఇంగ్లండ్ జాతీయ జట్టుకి మేలు జరుగుతుంది, ఇదీ నిర్వాహకులు చెప్పిన కారణం. తమాషా చూడండి. ఎవరి కోసం ఈ ఏర్పాటు అన్నారో ఆ పెద్దల్లో ఆర్సెనల్, లివర్‌పూల్, మాంచెస్టర్ క్లబ్బులు రెండూ, టాటెన్‌హామ్ ఆ మొదటి ఏడాది మాకొద్దన్నాయి. పెళ్లికొడుకు రాని పెళ్లికి అందరూ ముస్తాబైనట్టు అయింది.

అభిమానులకి అనుమానం ఎప్పుడో మొదలైంది. 2014లో అప్పటి ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) ఛైర్మన్ గ్రెగ్ డైక్ కమిషన్ ఒక ప్రతిపాదన తెచ్చింది. నాలుగో అంచె కింద ‘లీగ్ త్రీ’ అని కొత్తది పెట్టి, అందులో ప్రీమియర్ లీగ్ క్లబ్బుల ‘బి’ జట్లను, అంటే రెండో జట్లను ఆడించాలట. గోల గోల అయింది, ప్రతిపాదన మూలపడింది. రెండేళ్లు తిరిగేసరికి అలాంటి జట్లే కప్పు రూపంలో వచ్చేసరికి, గుడారంలోకి ఒంటె తల పెట్టిన కథ గుర్తొచ్చింది జనానికి. ‘బి టీమ్ బాయ్‌కాట్’ అనే ఉద్యమం అలా పుట్టింది. టికెట్ కొనొద్దు, స్టేడియంకి వెళ్లొద్దు, అంతే. చాలామంది నిజంగానే వెళ్లలేదు. వేల సీట్లున్న స్టేడియాల్లో వందల్లో జనం. పైగా అండర్-21 జట్టు వెంట ఊరు దాటి వచ్చే అభిమానులు ఎవరుంటారు చెప్పండి? అవతలి స్టాండ్ మొత్తం బోసిగా ఉంటుంది.

నన్ను అడిగితే అసలు సమస్య కుర్రాళ్లు కాదు, రూల్స్. లూటన్ టౌన్ సంగతి వినండి. 2016లో ఆ క్లబ్బు తన సొంత అకాడమీ కుర్రాళ్లని ఈ కప్పులో ఆడించింది. కుర్రాళ్లు జిల్లింగ్‌హామ్‌ని ఓడించారు, వెస్ట్ బ్రామ్ కుర్రాళ్లనీ ఓడించారు. మంచి కథే కదా? లూటన్‌కి 15,000 పౌండ్ల ఫైన్ పడింది! మొదటి జట్టులోంచి ఇంతమందిని ఆడించాలనే రూల్ తప్పారట. అంటే ప్రీమియర్ లీగ్ క్లబ్బు కుర్రాళ్లని దింపితే అది దేశసేవ, లూటన్ దింపితే నేరం. ఈ ఒక్క ముక్క చాలు, ఈ కప్పు ఎవరికోసం నడుస్తోందో తెలియడానికి.

బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఇంకా తెలివిగా చేసింది. బరీతో మ్యాచ్‌లో మొదటి గోల్‌కీపర్ కాలిన్ డాయిల్‌ని లెక్క కోసం దింపి, మూడు నిమిషాలకే వెనక్కి పిలిచేసింది. రూల్ నిలబడింది, రూల్ పరువు పోయింది. ఆ తర్వాతి సీజన్‌కి ఈ నిబంధన కొంత సడలించారు లెండి.

అవతలి వైపు మాట కూడా చెప్పాలి. తర్వాత ఇంగ్లండ్ జాతీయ జట్టుకి ఆడిన బుకాయో సాకా, కోల్ పామర్ లాంటివాళ్లు కుర్రతనంలో ఈ కప్పు ఆడినవాళ్లే. వానలో, ముప్పై ఏళ్ల డిఫెండర్ మోచేతి పోటు తింటే నేర్చుకునేది వేరు, నున్నటి అకాడమీ గ్రౌండ్‌లో నేర్చుకునేది వేరు. గ్రూప్ మ్యాచ్ గెలిస్తే 10,000 పౌండ్లు వస్తాయి, నాలుగో అంచె క్లబ్బుకి అదేం చిన్న మొత్తం కాదు. అందుకే క్లబ్బులే ఓటేసి ఈ ఏర్పాటుని ఒప్పుకున్నాయి. అభిమాని పిడికిలి బిగిస్తే, క్లబ్బు ఆఫీసు చెయ్యి చాచింది. కానీ ఒక పాత బాకీ మర్చిపోకండి. 2012లో వచ్చిన అకాడమీల కొత్త విధానంతో చిన్న క్లబ్బులు పెంచిన పిల్లల్ని పెద్ద క్లబ్బులు ముందే ఖరారైన రేటుకే తీసుకుపోయే వీలు కలిగింది. వికమ్ లాంటి క్లబ్బు ఆ ఏడాదే తన అకాడమీని మూసేసుకుంది. మన పిల్లాణ్ణి చవగ్గా పట్టుకెళ్లి, అదే వయసు పిల్లాణ్ణి మన మీదకే ఆడటానికి పంపిస్తే మండదా?

స్పెయిన్‌లో చక్కగా నడుస్తోంది కదా అంటారు కొందరు. నిజమే, అక్కడ బి జట్లు కింది డివిజన్లలో ఆడతాయి. 1980లో రియల్ మాడ్రిడ్ బి జట్టు కాస్టియా ఏకంగా దేశం కప్పు ఫైనల్‌కి వెళ్లి సొంత పెద్ద జట్టు చేతిలోనే 6-1తో ఓడింది. ఇంగ్లండ్‌లో లెక్క వేరు. నాలుగో అంచెలో కూడా ప్రతి శనివారం వేలమంది వస్తారు, తాతల కాలం నుంచి.

ఇక ఫైనల్స్. శరదృతువులో ఖాళీ స్టాండ్లు చూసినవాళ్లు ఇది చూస్తే నమ్మరు. 2017 ఫైనల్‌లో కోవెంట్రీ, ఆక్స్‌ఫర్డ్‌ని 2-1తో ఓడించింది. 74,434 మంది వచ్చారు. ఆ సీజన్లోనే కోవెంట్రీ నాలుగో అంచెకి జారిపోయింది, యజమానుల మీద అభిమానులు మండిపడుతున్నారు, అయినా ఊరు ఊరంతా కదిలింది. 2019లో పోర్ట్స్‌మత్, సండర్లాండ్ ఫైనల్‌కి 85,021 మంది! దీన్ని రెండు నాలుకల ధోరణి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఫైనల్‌లో ఆడింది రెండు ఊళ్లు. ఒక ఊరు, ఒక ట్రైనింగ్ సెంటర్ కాదు. 2018లో చెల్సీ కుర్రాళ్లు సెమీస్ దాకా వచ్చి లింకన్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. లింకన్ జనం ఆ రాత్రి ఎంత సంబరపడ్డారో అందరికంటే చెల్సీకే బాగా తెలిసుంటుంది.

రేటింగ్ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఫైనల్‌కి ఐదుకి నాలుగున్నర. గ్రూప్ దశకి ఒకటిన్నర, ఆ అర కూడా పెనాల్టీ షూటౌట్‌కి. గ్రూప్ మ్యాచ్ డ్రా అయినా షూటౌట్ పెట్టి గెలిచినవాళ్లకి ఇంకో పాయింట్ ఇస్తారు, అది నాకు నచ్చింది. నా చేతిలో ఉంటే చిన్న క్లబ్బులు ఎవర్ని ఆడించాలో వాళ్లకే వదిలేస్తాను. ఫైన్ అనే మాటే తీసేస్తాను.

నేను ఉండేది ఇంగ్లండ్‌లోనే, మిడ్‌లాండ్స్‌లో. మా పక్కింటి పెద్దాయనకి ఇక్కడి చిన్న క్లబ్బు సీజన్ టికెట్ ఉంది. అండర్-21 జట్టు వచ్చే మంగళవారం మాత్రం ఆయన ఇంట్లో కూర్చుని టీ తాగుతూ రేడియోలో స్కోర్ వింటారు. వెళ్లరు, వినడం మానరు. మొన్న నేను టికెట్ కొంటున్నానని తెలిసి మూతి ముడుచుకున్నారు. కాసేపటికి ఆయనే గోడ మీంచి, “వెంబ్లీ దాకా వెళ్తే మాత్రం నాక్కూడా ఒకటి తీసిపెట్టు,” అన్నారు.